మతములకు మెట్లు కట్టిన దర్శనము

దుర్గు పట్టణమునుండి బయలుదేరి చుట్టుపట్ల పల్లెలలో తిరుగువారికి, ఏదో ఒక వాడ మొగదలలో తెల్లని స్తంభమొకటి కనబడును. దాని కొనను తెల్లని జెండా ఎగురుచుండును. అక్కడ విగ్రహము లేదు, గర్భగుడి లేదు. దానిని ఛత్తీస్‌గఢ్ ప్రజలు జైత్‌ఖాం అందురు. అది సత్‌నామీలు తమ వాడలో నిలుపుకొను స్తంభము. భిలాయి ఉక్కు కర్మాగారములో పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు దానిని దశాబ్దములుగా చూచుచునే ఉన్నవి. కాని ప్రపంచ మతముల చరిత్రకు సూత్రము కట్టిన జర్మను దార్శనికులకుగాని, వారికి ప్రత్యుత్తరము వ్రాసిన భారతీయ దార్శనికులకుగాని ఈ స్తంభము కనబడలేదు. అట్లు కనబడకపోవుటకు దూరము ఒక్కటే కారణము కాదు. మతములన్నిటిని ఒకదానిపై నొకటిగా పేర్చి మెట్ల వరుస కట్టుట వారి చూపునకు అడ్డు వచ్చెను. ఆ వరుసను విడిచిపెట్టనిదే భారతదేశపు మతజీవితమును గాని, దానినుండి పుట్టిన సాహిత్యమును గాని ఉన్నది ఉన్నట్లు చదువుట సాధ్యము కాదు.

ఎదుటివాని పక్షమును దాని బలముతో సహా చెప్పి తరువాత ఖండించుట ఈ దేశపు తర్కశాస్త్ర మర్యాద. జర్మను భావవాదమునకు ఆ మర్యాద చెల్లింపవలసి ఉన్నది. దానికి పూర్వము యూరపులో అన్యమతములను గూర్చి సాధారణముగా రెండు మాటలే వినబడుచుండెను. మఠాధిపతులు అవి సైతాను మాయ అనిరి. పదునెనిమిదవ శతాబ్దపు హేతువాదులలో పలువురు అవి పురోహితుల మోసము అనిరి. కాంట్ 1793లో ప్రకటించిన గ్రంథమున మతమును నీతిబుద్ధి హద్దులలో నిలిపి పరీక్షించెను. ష్లయర్‌మాఖర్ 1799లో మతమునకు మూలము సిద్ధాంతము కాదనియు, అనంతమును గూర్చిన అనుభూతియే మూలమనియు వాదించెను. హేగెల్ ఇంకను ముందుకు పోయెను. బెర్లిను విశ్వవిద్యాలయమున 1821, 1824, 1827, 1831 సంవత్సరములలో నాలుగు పర్యాయములు ఆయన మతదర్శనముపై ఉపన్యాసములు చేసెను. మానవజాతి కొలిచిన ఏ దైవమును వట్టి మోసము కాదనియు, ప్రతి మతములోను మనుష్యుని బుద్ధి తన్ను తాను తెలిసికొనుటకు చేసిన ప్రయత్నము కలదనియు ఆయన సిద్ధాంతము. చీనా, భారత, పారసీక, ఐగుప్తు మతములను దర్శనశాస్త్రములో చర్చింపదగిన విషయములుగా గ్రహించుట చిన్న పని కాదు. ఈ గౌరవము ఆయనకు చెల్లవలసినదే.

అయితే ఆ గౌరవము వెంట ఒక వరుస వచ్చెను. అడుగున మంత్రతంత్రముల మతము. దానిపైన చీనావారి మతము, బౌద్ధము, హిందూమతము. ఇవన్నియు ప్రకృతిమతములు; వీనిలో చైతన్యము ఇంకను ప్రకృతిలో మునిగియే ఉన్నదని ఆయన అభిప్రాయము. పారసీకుల వెలుగు మతము, ఐగుప్తీయుల చిక్కుప్రశ్నల మతము నడుమనున్న వంతెనలు. ఆపైన యూదుల మహోన్నతి మతము, గ్రీకుల సౌందర్య మతము, రోమనుల ప్రయోజన మతము. అన్నిటికి పైన పరిపూర్ణ మతము, అది క్రైస్తవము. హిందూమతమునకు ఆయన పెట్టిన పేరు కల్పనామతము. అందులో చైతన్యము కలగనుచున్నది గాని మేలుకొనలేదని ఆయన తీర్పు. ఈ వరుస కేవలము అభిరుచి భేదము కాదనియు, బుద్ధియొక్క స్వభావమునుండి అనివార్యముగా వచ్చినదనియు ఆయన చెప్పెను. వాదము చేయవలసినది ఈ అనివార్యత అను మాటతోనే.

అనివార్యమైన వరుస కదలరాదు. కాని హేగెల్ వరుస కదలుచునే ఉండెను. 1821, 1824 సంవత్సరముల ఉపన్యాసములలో యూదుమతము ముందు, గ్రీకుమతము తరువాత వచ్చును. 1827లో గ్రీకుమతము క్రిందికి దిగెను, యూదుమతము పైకెక్కెను. 1831లో యూదుమతము తిరిగి ఐగుప్తు, పారసీక మతముల సరసకు మారెను. 1824, 1827లలో బౌద్ధము హిందూమతమునకు ముందున్నది. 1831లో తరువాతికి పోయెను. ఆయన మరణానంతరము 1832లో శిష్యులు అచ్చువేసిన గ్రంథము ఈ నాలుగు పాఠములను కలిపి కుట్టినది కావున ఈ కదలిక చాలకాలము పాఠకులకు తెలియలేదు. ఇరువదవ శతాబ్దపు ఎనుబదులలో వాల్టర్ యెష్కె ఆ ఉపన్యాసములను సంవత్సరముల వారీగా విడదీసి పరిష్కరించిన తరువాతనే అది స్పష్టముగా కనబడెను.

దీనికి హేగెల్ పక్షమువారు ఒక సమాధానము చెప్పుదురు. ఆయన క్రొత్త గ్రంథములు చదివెను, తన అభిప్రాయమును దిద్దుకొనెను, అది పండితుని నిజాయితీ అందురు. నిజాయితీ సంగతి ఒప్పుకొనవలసినదే. కాని క్రొత్త పుస్తకము వచ్చినపుడెల్ల మారునది అనుభవముపై ఆధారపడిన విద్య. అట్టి విద్యకు అనివార్యత అను బిరుదు చెల్లదు. బౌద్ధము పైమెట్టో క్రింది మెట్టో పదేండ్లలో తేల్చుకొనలేని శాస్త్రము, ఆ బౌద్ధము ఇక ఎక్కడికి ఎదుగలేదని మాత్రము ఏ ధైర్యముతో తేల్చెను?

ఇస్లాము విషయమున చిక్కు ఇంకను గట్టిది. క్రైస్తవము పుట్టిన ఆరు శతాబ్దములకు ఇస్లాము పుట్టెను. కాలక్రమమే బుద్ధిక్రమమైనచో అది క్రైస్తవమునకు పైన నిలువవలెను. పరిపూర్ణ మతమునకు పైన మెట్టు ఉండరాదు. క్రిందనుంచుదమన్న అంత తరువాత పుట్టినది క్రింది మెట్టు ఎట్లగును? అందుచేత మతదర్శన ఉపన్యాసములలో దానికి ప్రత్యేకముగా గదియే దొరకలేదు. పోలికల కొరకు నడుమ నడుమ పేరు వచ్చును, అంతే. చరిత్రదర్శన ఉపన్యాసములలో దానిని జర్మానిక జగత్తు అను ప్రకరణములో ఒక మూల చేర్చి, ప్రపంచ చరిత్ర రంగమునుండి అది ఎప్పుడో నిష్క్రమించెనని ముగించెను. కోట్లమంది అనుదినము ఆచరించు మతమునకు ఇల్లు చూపలేని గృహయజమాని, ఆ ఇంటిని విశ్వభవనమని పిలుచుట తగునా?

భారతదేశమును ఆయన దేనినిబట్టి తెలిసికొనెనో చూచినచో మిగిలిన సంగతి బోధపడును. విల్కిన్స్ 1785లో గీతను ఆంగ్లములోనికి తెచ్చెను. ఆగస్టు విల్‌హెల్మ్ ష్లెగెల్ 1823లో దానిని లాటిను అనువాదముతో ప్రకటించెను. కోల్‌బ్రూక్ 1823 నుండి షడ్దర్శనములపై వ్యాసములు చదివెను. విల్‌హెల్మ్ హుంబోల్ట్ మహాభారతములోని గీతపై చేసిన ప్రసంగములను హేగెల్ 1827లో దీర్ఘముగా సమీక్షించెను. గీతలో చెప్పిన యోగము మనస్సును శూన్యము చేయునదే గాని, వ్యక్తి స్వాతంత్ర్యమునకు, నీతికి అందు తావు లేదని ఆయన నిర్ణయము. గమనింపవలసిన దేమనగా, ఈ ఆధారములలో ముఖ్యమైనవన్నియు సంస్కృత గ్రంథములు. వానిని పండితులు ఆంగ్లేయ అధికారులకు చదివి చెప్పిరి. పండితుడు ఏమి చెప్పలేదో అది బెర్లినునకు చేరలేదు. కలలు కనుచున్నదని హేగెల్ చెప్పిన భారతదేశము నిజమునకు గ్రంథాలయమునకు చేరిన భారతదేశము మాత్రమే.

ఆ కాలముననే చేరనిదొకటి ఛత్తీస్‌గఢ్‌లో జరుగుచుండెను. ఆ ప్రాంతము 1818 నుండి 1830 వరకు భోంస్లే రాజుల పేర ఆంగ్లేయుల పర్యవేక్షణలో ఉండెను. దుర్గు అప్పటికి ప్రత్యేక జిల్లా కాదు; అది 1906లో ఏర్పడినది. మహానది లోయలోని గిరౌద్‌పురి గ్రామమున 1756లో పుట్టెనని సంప్రదాయము చెప్పు ఘాసీదాస్ అంటరానివారుగా చూడబడిన చర్మకార కులమువాడు, పొలములో కూలి చేసినవాడు. ఆయన పూరీ యాత్రకు బయలుదేరి, నడుమ సారంగఢ్ నుండియే వెనుదిరిగి, అడవిలో తపస్సు చేసి వచ్చి సత్యనామమును ప్రకటించెనని సత్‌నామీలు చెప్పుకొందురు. ఆ ప్రబోధము 1820, 1830 సంవత్సరముల నడుమ వ్యాపించెనని ఆంగ్లేయుల గెజిటీర్లు వ్రాసినవి. అనగా హేగెల్ బెర్లినులో ఉపన్యసించుచున్న ఆ పదేండ్లలోనే.

ఘాసీదాస్ బోధ సంక్షిప్తము. దైవమొక్కటే, దానికి రూపము లేదు, సత్యమే దాని పేరు. విగ్రహములను కొలువరాదు. మాంసమును, మద్యమును ముట్టరాదు. మధ్యాహ్నము దాటిన తరువాత ఎద్దులకు నాగలి కట్టరాదు. మనుష్యులందరు సమానులు. ఈ చివరి మాట వేదాంత వాక్యము కాదు. దానికి చెల్లింపవలసిన వెల ఉండెను. ఆయన కుమారుడు బాలక్‌దాస్ తమవారికి యజ్ఞోపవీతము ధరింపజేసెను. అగ్రకులములవారి కోపమునకు గురియై 1860 ప్రాంతమున హత్యకు లోనయ్యెను.

ఇప్పుడు హేగెల్ శిష్యుడు ఘాసీదాస్‌ను ఏ మెట్టుపై నిలుపవలెను? కల్పనామతమందమా, అందు కల్పనకు, విగ్రహమునకు చోటే లేదు. యూదుల మహోన్నతి మతమందమా, ఆయనకు ఆ గ్రంథముల పరిచయము లేదు. మనుష్యునికి మనుష్యుడుగానే విలువ కలదను జ్ఞానము క్రైస్తవముతోనే లోకమునకు వచ్చెనని హేగెల్ వాదము. ప్రాచ్యులకు ఒక్కడే స్వతంత్రుడని తెలియును, గ్రీకులకు కొందరని తెలియును, జర్మానిక జాతులకే అందరు స్వతంత్రులని తెలియునని ఆయన చెప్పెను. గిరౌద్‌పురి కూలివాడు ఆ మూడవ మాటను క్రైస్తవమును అడుగకుండగనే చెప్పెను.

హేగెల్‌కు ఘాసీదాస్ పేరు తెలియుటకు మార్గము లేదు, తెలియనిదానికి నిందించుట అన్యాయమని ఒక ఆక్షేపము రావచ్చును. అది సరియైన ఆక్షేపమే. తెలియకపోవుట దోషము కాదు. తెలియని దేశపు లెక్కను మూసివేయుట దోషము. ఈ దోషము కులమును గూర్చిన ఆయన మాటలలోనే తేటపడును. భారతదేశమున కులము మనుష్యునికి ప్రకృతివలె విధింపబడినదని ఆయన తీవ్రముగా ఖండించెను. ఆ ఖండన న్యాయమైనది. కాని కులముచే నలిగినవాడే దానిని కాదనవచ్చునను ఆలోచన ఆయనకు తట్టలేదు. బాధితుని దుఃఖమును గుర్తించి, వాని బుద్ధిని గుర్తింపని దయ అది.

మరియొక ఆక్షేపము కలదు. సత్‌నామీలు కులమును కాదనిరి సరే, చివరకు వారే ఒక కులముగా మిగిలిపోలేదా? ఇతరులు వారినట్లు మిగిల్చిరనుట నిజమే. కాని ఆదర్శమును ఆచరణతో కొలుచుట న్యాయమైనచో ఆ కొలబద్దను రెండు వైపుల పెట్టవలెను. అందరు స్వతంత్రులని తెలిసిన జాతులు తమ వలసలలో బానిసలను కొని అమ్ముచుండెను. బ్రిటిషు పార్లమెంటు బానిసత్వమును రద్దుచేయు శాసనము చేసినది 1833లో, అనగా హేగెల్ మరణించిన రెండేండ్లకు. అమెరికాలో అది రద్దయినది 1865లో. క్రైస్తవమును దాని భావముచేతను, ఛత్తీస్‌గఢ్‌ను దాని వైఫల్యముచేతను కొలుచుట తత్త్వవిచారము కాదు, పక్షపాతము.

ఈ మెట్ల ఊహ బెర్లిను గదులలోనే ఉండిపోలేదు. జర్మనీలోని సైలీషియాలో పుట్టిన ఆస్కార్ లోర్ అను మతప్రచారకుడు 1868లో ఛత్తీస్‌గఢ్‌కు వచ్చి సత్‌నామీల నడుమ బిశ్రాంపూరు కేంద్రమును స్థాపించెను. ఆయన హేగెల్ శిష్యుడని చెప్పుటకు వీలులేదు. కాని ఆయన ఆశకు ఆధారము ఆ మెట్ల ఊహయే. విగ్రహములను విడిచి ఒక్క దైవమును కొలుచుచున్నవారు ఇంకొక్క అడుగు వేసినచో క్రీస్తును చేరుదురని ఆయన నమ్మెను. కొందరు చేరిరి, వారి సంతతి ఈనాటికి అక్కడ ఉన్నది. పంథము మొత్తము వచ్చునన్న ఆశ మాత్రము ఫలింపలేదు. సత్‌నామీలకు తమ మతము ఇల్లు. ఇంకొక ఇంటికి పోవు దారిలోని మెట్టు కాదు.

ఇంతవరకు చెప్పినది భారతీయ పాఠకునికి రుచించును. ఇక చెప్పవలసినది అంతగా రుచింపకపోవచ్చును. యూరపు కట్టిన నిచ్చెనను భారతీయ దార్శనికులు విరిచివేయలేదు. తలక్రిందులు చేసి నిలిపిరి. సర్వేపల్లి రాధాకృష్ణన్ తెలుగువారు గర్వముతో తలచుకొను పేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షుడు, ఆక్స్‌ఫర్డ్‌లో 1936 నుండి 1952 వరకు ఆచార్యుడు, తరువాత సాహిత్య అకాడెమీకి అధ్యక్షుడు. హిందూమతమునకు నీతి లేదన్న పాశ్చాత్యులకు ఆయన వ్రాసిన సమాధానములు ఒక తరమునకు ధైర్యమిచ్చినవి. ఆ ఋణము పెద్దది. కాని 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసి, 1927లో పుస్తకముగా ప్రకటించిన హిందూ జీవనదృష్టి ఉపన్యాసములలో ఆయనయు ఒక వరుస కట్టెను. నిర్గుణ పరబ్రహ్మమును ఉపాసించువారు అన్నిటికంటె పైన. సగుణేశ్వరుని కొలుచువారు వారి తరువాత. ఆపై రామకృష్ణాది అవతారములను కొలుచువారు. వారి క్రింద పితృదేవతలను, ఋషులను కొలుచువారు. అట్టడుగున క్షుద్రశక్తులను, భూతములను కొలుచువారు.

హేగెల్ శిఖరమున క్రీస్తు ఉండెను, ఇక్కడ అద్వైతము ఉన్నది. పైమెట్టు మారెను, అడుగుమెట్టు మారలేదు. దుర్గు పల్లెలలోని ఠాకుర్‌దేవుడు, తెలుగు పల్లెలలోని పోచమ్మ, ఎల్లమ్మ రెండు నిచ్చెనలలోను అడుగుననే ఉన్నారు. రాధాకృష్ణన్ వారిని ద్వేషింపలేదు. వారిని నెమ్మదిగా పైకి తీసికొనిపోవుటయే హిందూమతపు ఔదార్యమనెను. కాని పైకి తీసికొనిపోవువాడు పైననే నిలిచి ఉండును. మశూచి వచ్చినపుడు పిల్లలను బ్రతికించుమని పోచమ్మకు మ్రొక్కిన తల్లి మనస్సులో ఏ క్షుద్రత కలదు? నిర్గుణోపాసకులు అత్యున్నతులైనచో, విగ్రహమును కాదని నిరాకార సత్యమును కొలిచిన సత్‌నామీ ఆ పైమెట్టున కూర్చుండవలెను గదా! లోకవ్యవహారమున ఆయనకు ఊరి బావియొద్ద కూడ చోటు దొరకలేదు. కావున ఈ వరుస ఉపాసనను మాత్రమే కొలుచుట లేదు. ఉపాసకుడెవరో చూచి మరీ కొలుచుచున్నది.

తెలుగువారికి ఈ సంగతి క్రొత్తది కాదు. వేమనను పండితులు చిరకాలము కవిగా లెక్కింపలేదు. సి.పి. బ్రౌన్ 1829లో ఆయన పద్యములను ఆంగ్లానువాదముతో మద్రాసులో అచ్చువేయించెను. అప్పటికి హేగెల్ జీవించియే ఉన్నాడు, ఘాసీదాస్ ప్రబోధించుచునే ఉన్నాడు. విగ్రహారాధనను, కులగర్వమును అపహసించిన ఆ తెలుగు పద్యములు ఆ తరములకు పూర్వమే ఊరూర జనుల నోట ఆడుచుండెను. ఆ వాక్కు బయటినుండి వచ్చిన వెలుగు కాదు, శాస్త్రగ్రంథముల వ్యాఖ్యానమును కాదు. రెండు నిచ్చెనలలోను దానికి మెట్టు లేదు.

మూడవ నిచ్చెన ఒకటి ఉన్నది. భిలాయి ఆ నీడలోనే పుట్టెను. హేగెల్ దర్శనమును తిరగవేసి నిలిపితినన్న మార్క్సు శిష్యుల రాజ్యమైన సోవియట్ యూనియనుతో 1955 ఫిబ్రవరిలో ఒప్పందము కుదిరెను. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. మతములన్నియు బాల్యావస్థలనియు, యంత్రయుగమున అవి తమంతట తాము రాలిపోవుననియు ఈ మూడవ మతమువారి విశ్వాసము. కొలిమిలో ఖనిజము కరిగెను, మతము కరుగలేదు. సెక్టారు 5లో తెలుగువారు బాలాజీని నిలుపుకొనిరి, సెక్టారు 6లో జామా మసీదు వెలసెను, డిసెంబరు 18వ తేదీన ఘాసీదాస్ జయంతి నేటికిని జరుగుచున్నది. సోవియట్ యూనియను మాత్రము 1991లో అంతరించెను. మతములు నిలిచినవి కావున అవన్నియు సత్యములని దీని అర్థము కాదు. చరిత్ర పైమెట్టున తామే ఉన్నామని చెప్పుకొన్నవారి జోస్యము మరియొకసారి తప్పినదని మాత్రమే అర్థము.

ఈ ఊరి ప్రక్కనున్న గనియారీ గ్రామమున 1956లో తీజన్‌బాయి పుట్టెను. పార్ధీ జాతికి చెందిన ఆమెకు బడి చదువు లేదు. స్త్రీలు కూర్చుండియే పాండవానీ పాడవలెనను వాడుకను దాటి, తంబూరా చేతబట్టి నిలువుగా నిలిచి, భీముడై, దుశ్శాసనుడై మహాభారతమును పాడెను. భిలాయి కర్మాగారము ఆమెకు ఉద్యోగమిచ్చెను. 2019లో పద్మవిభూషణ్ లభించెను. ఘాసీదాస్ బోధను పాడి ఆడు పంథీ నృత్యమును దేవదాస్ బంజారే ఈ దుర్గు ప్రాంతమునుండియే విదేశములకు చేర్చెను. ఏ మహాభారతములోని ఏడువందల శ్లోకములను చదివి హేగెల్ ఈ దేశమున వ్యక్తి లేడని తీర్పు చెప్పెనో, ఆ మహాభారతమునే ఒక పార్ధీ స్త్రీ తన సొంత గొంతుతో, తన సొంత తీర్పులతో చెప్పుట ఆ తీర్పునకు చాలిన సమాధానము.

అట్లయిన జర్మను భావవాదమును పూర్తిగా పారవేయవలెనా? అక్కరలేదు. మతమును మోసమని కొట్టివేయక దానిలోని ఆలోచనను వెదకుమన్న మాట నిలుపుకొనదగినది. ఎవరి మతమును గూర్చి వ్రాసినను ఆ మాట వర్తింపవలెను. విడువవలసినది రెండే: ఒకని ప్రార్థన ఇంకొకని ప్రార్థనకు ముందుమాట అనుకొనుట, ఇక మీద క్రొత్తది పుట్టదని లెక్క మూయుట. మతములను విమర్శింపరాదని కూడ దీని అర్థము కాదు. మనుష్యుని మనుష్యుడుగా చూచినదా, బలహీనునికి అండగా నిలిచినదా అను ప్రశ్నను అద్వైతమునైనను, క్రైస్తవమునైనను, సత్యనామమునైనను అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము ఆయా జనుల జీవితములో దొరకును; మెట్ల సంఖ్యలో దొరకదు.

భారతీయ సాహిత్యమును చదువు తెలుగు పాఠకునికి ఇందు స్వంత బాధ్యత కలదు. పుస్తకముల బీరువా కూడ ఒక నిచ్చెనయే. పై అరలో ఉపనిషత్తులు, నడిమి అరలో భక్తకవులు, అడుగు అరలో జానపదము అని సర్దిన చేయి హేగెల్ చేయివంటిదే. గీతకు తెలుగులో ఎన్ని అనువాదములున్నవో లెక్కించుట కష్టము. అరవయ్యేండ్లకు పైగా తెలుగువారు ఇరుగుపొరుగుగా బ్రతికిన ఊరిలో, పొరుగువాడలో పాడుకొను పంథీ పాటలలో ఎన్ని తెలుగు చదువరికి చేరినవో ఆ ప్రక్కన లెక్కింపవలెను. బెర్లినులో కూర్చున్నవానికి ఆ పాట వినబడకపోవుట విధి. భిలాయిలో కాపురమున్నవానికి అది వినబడకపోయినచో, ఆ నేరమును హేగెల్ మీద వేయుటకు వీలులేదు.